నిజం చెప్పేశాక రికీ మార్టిన్ పాట ఏమైంది

2010 మార్చి 29న పాప్ గాయకుడు రికీ మార్టిన్ తన వెబ్‌సైట్‌లో ఒక ఉత్తరం పెట్టాడు. తాను గే అని, తన అదృష్టం కొద్దీ ఇలా ఉన్నానని, ఆ మాట చెప్పడానికి గర్వపడుతున్నానని అందులో రాశాడు. అప్పటికి అతనికి 38 ఏళ్లు. పన్నెండేళ్ల వయసు నుంచీ స్టేజీ మీదే పెరిగినవాడు. దేశదేశాల్లో అమ్మాయిల గదుల్లో పోస్టరై వేలాడినవాడు.

మనకూ ఆ పేరు కొత్త కాదు. 1998 ఫుట్‌బాల్ ప్రపంచకప్ చూసినవాళ్లకు ‘లా కోపా దె లా వీదా’ గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో కేబుల్‌లో మ్యూజిక్ ఛానళ్లు పెట్టుకుని కూర్చున్న కుర్రకారుకి ‘మరియా’ పాట చాలావరకు నోటికొచ్చు, స్పానిష్ ఒక్క ముక్క రాకపోయినా.

ఆ ఉత్తరం తర్వాత అతని గురించి రెండు మాటలు స్థిరపడిపోయాయి. గే అని చెప్పుకున్నాడు కాబట్టే మార్కెట్ పడిపోయిందన్నది ఒకటి. చెప్పినా ఏమీ కాలేదు, పాటలూ అవే, స్టెప్పులూ అవే అన్నది రెండోది. మొదటిది లెక్కలకు నిలబడదు. రెండోది వినడానికి బాగానే ఉంటుంది గానీ అసలు సంగతి దాటేస్తుంది. నాకు కనిపించేది ఇది: పాట దాదాపు అలాగే ఉండిపోయింది, పాడే మనిషి చుట్టూ ఉన్నదంతా మారింది. పాటలో చెప్పని మాట అతను నటనలో చెప్పాడు, ఊరేగింపులో చెప్పాడు. ఎందుకలా జరిగిందో తెలియాలంటే ముందు ఆ ఇమేజ్ ఎలా తయారైందో చూడాలి.

ఇమేజ్ కట్టిన తీరు

అసలు పేరు ఎన్రికే మార్టిన్ మొరాలెస్. 1971 డిసెంబరు 24న, అమెరికా పాలన కిందున్న కరీబియన్ ద్వీపం ప్యూర్టో రికో రాజధాని శాన్ హువాన్‌లో పుట్టాడు. 1984లో ‘మెనూడో’ అనే మగపిల్లల పాప్ గ్రూపులో చేరాడు. ఆ గ్రూపులో ఎవరూ శాశ్వతం కాదు. వయసు పెరిగిన పిల్లవాణ్ణి పంపేసి ఆ స్థానంలోకి ఇంకో చిన్నవాణ్ణి తెచ్చుకోవడం దాని పద్ధతి. అలాంటి చోట పెరిగిన పిల్లవాడికి పాటకన్నా ముందు జాగ్రత్త వంటబడుతుంది. ఎదుటివాళ్లకు తన నుంచి ఏం కావాలో కనిపెట్టి, అది మాత్రమే ఇవ్వడం అలవాటవుతుంది. 1989లో బయటికి వచ్చాడు. 1991లో మొదటి సోలో ఆల్బమ్. మెక్సికో టీవీ సీరియల్లో నటించాడు, అమెరికాలో ‘జనరల్ హాస్పిటల్’ అనే డైలీ సీరియల్లో పొడుగు జుట్టు బార్‌టెండర్‌గా రెండేళ్లు కనిపించాడు, 1996లో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే నాటకంలో పాడాడు. 1995లో వచ్చిన ‘మరియా’ అతన్ని స్పానిష్ మాట్లాడే దేశాల బయటికి తీసుకెళ్లింది.

1999 ఫిబ్రవరి 24న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన గ్రామీ వేడుకలో ‘లా కోపా దె లా వీదా’ పాడేసరికి అమెరికా తలుపులు తెరుచుకున్నాయి. అప్పటిదాకా కుర్చీల్లో మర్యాదగా కూర్చున్న హాలు మొత్తం ఆ నాలుగు నిమిషాలకు లేచి నిలబడింది. ఆ రాత్రి వ్యాఖ్యాత రోజీ ఓడొన్నెల్ ఈ కుర్రాణ్ణి చూసి స్టేజీ మీదే మురిసిపోయింది. ఆమె కూడా అప్పటికి తన సంగతి లోకానికి చెప్పలేదు. 2002లో గానీ చెప్పలేదు. ఆ క్షణం మళ్లీ చూసినప్పుడల్లా నాకు కాస్త బాధ కలుగుతుంది. దాచుకున్న ఇద్దరు మనుషులు, కోట్లమంది ముందు, ఆడా మగా ఆకర్షణ అనే నాటకాన్ని ఎంత బాగా పండించారో!

కొన్ని వారాల్లో ‘లివిన్ లా వీదా లోకా’ వచ్చింది. రాసింది డెస్మండ్ చైల్డ్, మెనూడోలో ఒకప్పటి సహచరుడు డ్రాకో రోసా. అమెరికా చార్టుల్లో ఐదు వారాలు 1వ స్థానం. మే నెలలో వచ్చిన ఇంగ్లీషు ఆల్బమ్ మొదటి వారంలోనే 6 లక్షల 60 వేలకు పైగా కాపీలు అమ్ముడైంది. టైమ్ పత్రిక ముఖచిత్రం మీదికి ఎక్కాడు. పాటలో ఉన్నది మగవాణ్ణి పిచ్చెక్కించే ఒక ఆడది. ఆ తర్వాతి ఏడాది హిట్టయిన ‘షి బ్యాంగ్స్’లోనూ అదే. అంతకుముందు ‘మరియా’లోనూ అదే. పేరు మారుతుంది, ఆమె మారదు. ఆమె లేకపోతే ఆ పాటలకు కథే లేదు.

ఇక్కడ అమెరికా వాళ్లకూ కరీబియన్ వాళ్లకూ చూపులో ఉన్న తేడా గమనించాలి. ప్యూర్టో రికోలో మగవాడు నడుము తిప్పి ఆడటం వింత కాదు. సల్సా, బోంబా, ప్లేనా వాళ్ల పెళ్లిళ్లలోనూ వీధి పండగల్లోనూ ఉన్నవే; మేనమామలూ తాతయ్యలూ ఆడతారు. అమెరికాలో ఇంగ్లీషు పాప్ వినేవాళ్లకు మాత్రం నడుము అంతగా తిప్పే మగవాణ్ణి చూస్తే రెండే ఆలోచనలు: అయితే వీడు ఆడవాళ్లను వెర్రెత్తించే రసికుడు, లేకపోతే వీడి మీద ఏదో అనుమానం. రికార్డు కంపెనీలు మొదటిదాన్ని అమ్ముకున్నాయి. ‘లాటిన్ లవర్’ అన్న పాత హాలీవుడ్ మూస ఎలాగూ సిద్ధంగా ఉంది. రెండోది గుసగుసలుగా టాబ్లాయిడ్లలో తిరిగింది. అంటే ఒకే కదలిక మీద వ్యాపారమూ నడిచింది, వేట కూడా నడిచింది.

బార్బరా వాల్టర్స్ అడిగిన ప్రశ్న

2000 మార్చిలో ఆస్కార్ రాత్రి ప్రసారమైన ఇంటర్వ్యూలో ఆ వేట బాహాటంగా బయటపడింది. బార్బరా వాల్టర్స్ అంటే అమెరికా టీవీలో పెద్ద పేరు. సముద్రం ఒడ్డున నడిపించి, కూర్చోబెట్టి, ఆ పుకార్లకు నువ్వే ముగింపు పలకొచ్చు కదా, అవును గే అనో కాదనో చెప్పేయొచ్చు కదా అని అడిగింది. మార్టిన్ ఎందుకో ఆ మాట చెప్పాలనిపించడం లేదని జవాబిచ్చాడు. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. మాట తడబడదు, చిరునవ్వు చెదరదు. మెనూడో నేర్పిన చదువంతా ఆ నవ్వులో ఉంది. కళ్లు మాత్రం వేరే చెబుతాయి.

ఆ ప్రశ్న అడిగి ఉండాల్సింది కాదని 2010లో వాల్టర్స్ స్వయంగా ఒప్పుకుంది. దాని దెబ్బ తనకు చాలాకాలం తగిలిందని, తన ఒంటి మీద దాడి జరిగినట్టు అనిపించిందని మార్టిన్ తర్వాతి సంవత్సరాల్లో చెప్పాడు. ‘ప్రజాజీవితంలో ఉన్నవాళ్లను ఏదైనా అడగొచ్చు’ అనేవాళ్లు ఈ ఇంటర్వ్యూ ఒకసారి చూడాలని నా మనవి. అవునంటే అతని పొట్ట మీద దెబ్బ, కాదంటే అబద్ధం. అలాంటి ప్రశ్న అడగడంలో జర్నలిజం ఏముంది?

అదే కాలంలో అతను ఇంకో దారిలో గొంతు వెతుక్కున్నాడు. 2002లో కోల్‌కతా వచ్చినప్పుడు వీధిలో బతుకుతున్న ముగ్గురు అక్కాచెల్లెళ్లను వ్యభిచార ముఠాల చేతిలో పడకుండా కాపాడటంలో పాలుపంచుకున్నాడు. ఆ అనుభవమే తన ఫౌండేషన్‌ను పిల్లల అక్రమ రవాణా మీద పోరాటం వైపు తిప్పిందని ఎన్నో సభల్లో చెప్పాడు. ఇతరుల పిల్లల తరఫున వేదికలెక్కి ధైర్యంగా మాట్లాడిన మనిషి తన సంగతి వచ్చేసరికి నోరు కట్టేసుకున్నాడు. అంతకన్నా చేదైన సంగతి 2013లో ఒక ఆస్ట్రేలియా పత్రికకు చెప్పాడు: గే అని తనకు తెలిసిన వాళ్లను ఒకప్పుడు తానే ఏడిపించేవాడినని, తన లోపలి భయమే అలా బయటికొచ్చేదని. స్టార్లు సాధారణంగా ఇలాంటివి చెప్పరు. తాను బాధితుడినని చెప్పుకోవడం సులువు. తాను బాధపెట్టానని చెప్పడానికి ఇంకో రకం ధైర్యం కావాలి.

ఉత్తరం వెనక

2008 ఆగస్టులో సరోగసీ ద్వారా అతనికి కవలలు పుట్టారు, ఇద్దరూ మగపిల్లలే. ఆత్మకథ రాయడం మొదలుపెట్టాడు. ఆ రాతే తనను ఈ నిజం దగ్గరికి తెచ్చిందని ఉత్తరంలో రాశాడు. పిల్లలను అబద్ధం మధ్య పెంచలేనని కూడా రాశాడు. అంతవరకూ ఎందుకు చెప్పలేదో కూడా అందులో ఉంది. తనను ప్రాణంగా చూసుకునేవాళ్లే, తన మంచి కోరేవాళ్లే, ‘అంత ముఖ్యం కాదులే, ఇన్నేళ్లు కట్టుకున్నదంతా కూలిపోతుంది, లోకం ఇంకా సిద్ధంగా లేదు’ అని సలహా ఇచ్చారట. శత్రువుల మాటైతే కొట్టిపారేయొచ్చు. ప్రేమగా చెప్పిన మాటను కాదనడం ఎంత కష్టమో మన ఇళ్లలో పెరిగిన ఎవరికైనా తెలుసు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఉత్తరానికి నాలుగు నెలల ముందు, 2009 నవంబరులో ప్యూర్టో రికోలో 19 ఏళ్ల గే యువకుణ్ణి అత్యంత దారుణంగా చంపేశారు. ద్వీపమంతా కొవ్వొత్తులతో రోడ్ల మీదికి వచ్చింది. కోటీశ్వరుడైన పాప్ స్టార్‌కి అలాంటి ప్రాణభయం ఉండదు, నిజమే. అయినా తన ఊరి గాలి ఎలాంటిదో అతనికి తెలుసు.

మార్కెట్ పోయిందా?

ఇప్పుడు లెక్కలు. ఇంగ్లీషు పాప్‌లో రికీ మార్టిన్ హవా 2001 తర్వాత తగ్గడం మొదలైంది. 2003లో స్పానిష్ ఆల్బమ్‌తో సొంతగూటికి వెళ్లాడు. 2005లో ‘లైఫ్’ అనే ఇంగ్లీషు ఆల్బమ్ తెచ్చాడు, అనుకున్నంత ఆడలేదు. అది అతను నోరు విప్పడానికి ఐదేళ్ల ముందు మాట. 1999లో లాటిన్ పాప్ మీద అమెరికాకు పుట్టిన మోజు ఒక అల. ఆ అల వెనక్కి వెళ్లినప్పుడు అతనొక్కడే కాదు, అదే ఊపులో పైకొచ్చిన ఇంకొందరు కూడా కిందికి దిగారు. పాడేవాడి పడక గది సంగతికీ దానికీ సంబంధం లేదు.

2011 ఆరంభంలో, అంటే ఉత్తరం తర్వాత ఏడాది లోపే, ‘ముసికా + అల్మా + సెక్సో’ వచ్చింది. సంగీతం, ఆత్మ, శృంగారం అని పేరు. నిర్మాత పాత మిత్రుడు డెస్మండ్ చైల్డ్. అతనూ గే, భాగస్వామితో కలిసి కవల కొడుకులను పెంచుతున్నవాడు. అమెరికా ఆల్బమ్ చార్టులో అది 3వ స్థానంలో అడుగుపెట్టింది. 2005లో షకీరా స్పానిష్ ఆల్బమ్ సాధించిన 4వ స్థానం కన్నా ఒక మెట్టు పైన. ‘చూశారా, నిజం చెబితే నెత్తిన పెట్టుకున్నారు’ అని సంబరపడే ముందు ఒక్క క్షణం ఆగాలి. ఆ 3వ స్థానానికి మొదటి వారం అమ్మకాలు 30 వేల పైచిలుకు మాత్రమే. 1999 లెక్క 6 లక్షల 60 వేలు. మధ్యలో జరిగింది సీడీ వ్యాపారం కూలిపోవడం. డౌన్‌లోడ్లు వచ్చాక అందరి అమ్మకాలూ అలాగే పడ్డాయి. కాబట్టి 1999 అంకె పక్కన 2011 అంకె పెట్టి గే అన్నందుకు పడిపోయాడని చెప్పడం తప్పు. 3వ స్థానం చూపించి అందుకే ఎదిగాడని చెప్పడమూ అంతే తప్పు.

అమ్మకాల కన్నా నాకు బలమైన సాక్ష్యంగా కనిపించేది, ఎవరు అతనితో కలిసి పాడారన్నది. 2011లోనే ‘ఫ్రీయో’ పాటకి విసిన్, యాందెల్ జోడీ గొంతు కలిపింది. రెగెటాన్ గాయకులు వాళ్లు. లాటిన్ సంగీతంలో మగతనం చాటింపు అంత గట్టిగా వినిపించే శాఖ ఇంకోటి లేదు. 2014లో విసిన్ పాట ‘అద్రెనాలీనా’లో జెన్నిఫర్ లోపెజ్‌తో పాటు మార్టిన్ కూడా ఉన్నాడు. 2016లో ‘వెంతె పాకా’లో కొలంబియా కుర్రాడు మలూమా తోడయ్యాడు. ఈ పాట, 2015 నాటి ‘లా మోర్దిదీతా’, రెండూ యూట్యూబ్‌లో 100 కోట్ల వ్యూస్ దాటాయి. అతనితో కనిపిస్తే తమ ఇమేజ్ దెబ్బతింటుందని ఆ కుర్రాళ్లు అనుకుని ఉంటే ఇవేవీ వచ్చేవి కావు. 2015 ఆల్బమ్‌కి ‘అ కియెన్ కియెరా ఎస్కుచార్’ అని పేరు పెట్టాడు. వినాలనుకున్న వాళ్ల కోసం అని అర్థం. దానికి లాటిన్ పాప్ విభాగంలో గ్రామీ వచ్చింది.

అడ్డంకులు అసలే రాలేదని కాదు. 2011 అక్టోబరులో హొండురాస్‌లో కచేరీకి వెళ్తున్నప్పుడు అక్కడి మత పెద్దలు అభ్యంతరం లేవదీశారు. కుటుంబ విలువలు చెడతాయన్నారు. ప్రభుత్వం దాకా వెళ్లింది. చివరికి చిన్నపిల్లలను రానివ్వకూడదన్న షరతు మీద కచేరీ జరిగింది. విచిత్రం ఏమిటంటే, 1999లో అంతకన్నా రెచ్చగొట్టే స్టెప్పులు వేసినప్పుడు పిల్లల గురించి ఎవరికీ టెన్షన్ పట్టలేదు.

పాట దాటి

సంగీతం బయట మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. 2012లో బ్రాడ్‌వేలో ‘ఎవీతా’ అనే సంగీత నాటకంలో కథ నడిపించే చే పాత్ర వేశాడు. గే అని తెలిశాక ఇక మామూలు మగవాడి పాత్రకు జనం ఒప్పుకోరన్న పాత సిద్ధాంతం ఆ నాటకం ఆడిన మార్క్వీస్ థియేటర్‌లో రాత్రికి రాత్రి వీగిపోయింది. 2012 డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో స్వలింగ ప్రియుల మీద ద్వేషానికి వ్యతిరేకంగా జరిగిన సమావేశంలో అప్పటి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ పక్కన కూర్చుని మాట్లాడాడు.

అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది 2018లో వచ్చిన టీవీ సిరీస్. ఫ్యాషన్ డిజైనర్ జాన్ని వెర్సాచే హత్య చుట్టూ నడిచే కథ అది. వెర్సాచేతో పదిహేనేళ్లు కలిసి బతికిన ఆంతోనియో దామికో పాత్రను మార్టిన్ వేశాడు. 1997 జూలైలో మయామీ బీచ్‌లో ఇంటి మెట్ల మీద వెర్సాచేను కాల్చి చంపుతారు. ఆ తర్వాత పోలీసులు దామికోను కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. పదిహేనేళ్ల కాపురం వాళ్ల బుర్రకి ఎక్కదు. నువ్వు ఆయనకి ఏమవుతావు అన్న ఒక్క ప్రశ్న చుట్టే తిరుగుతుంటారు. భార్యే అయి ఉంటే చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టి ఓదార్చేవారు. ఇతన్ని మాత్రం అనుమానితుడిలా చూస్తారు. ఆ సన్నివేశంలో మార్టిన్ దాదాపు ఏమీ చేయడు. తెలిసిన చిరునవ్వు లేదు, నడుము లేదు, పాట లేదు. చెప్పలేని బంధం పోయినవాడి మొహం మాత్రం ఉంది. కథ జరిగిన 1997లో ఆ నటుడు కూడా తన బంధాలను లోకానికి చెప్పలేని స్థితిలోనే ఉన్నాడు. ఆ పాత్రకి టీవీ రంగపు ఎమ్మీ అవార్డు నామినేషన్ వచ్చింది. అసలు దామికో అప్పటికి బతికే ఉన్నాడు. షూటింగ్ ఫోటోలు చూసి, అలా జరగలేదని మండిపడ్డాడు. మార్టిన్ ఆయనకు ఫోన్ చేసి మాట్లాడాడు.

అదే ఏడాది జనవరిలో స్వీడన్ చిత్రకారుడు జ్వాన్ యూసెఫ్‌తో తన పెళ్లి అయిపోయిందని చెప్పాడు. తర్వాత ఒక కూతురు, ఒక కొడుకు. 2023 జూలైలో ఇద్దరూ విడిపోతున్నట్టు ప్రకటించారు. పెళ్లి, పిల్లలు, విడాకులు. అన్నీ అందరి ఇళ్లలో ఉన్నట్టే. పత్రికలు కూడా ఇంకో స్టార్ విడాకుల వార్త రాసినట్టే రాశాయి. 2000లో బార్బరా వాల్టర్స్ ఎదుట కూర్చున్న కుర్రాడికి ఇలాంటి మామూలు వార్త కావడం ఎంత దూరపు కలో!

ఇక ప్యూర్టో రికో. 2019 జూలైలో గవర్నర్ రికార్డో రొసెల్యో, ఆయన సన్నిహితులు టెలిగ్రామ్‌లో చేసుకున్న చాట్ బయటికి పొక్కింది. మొత్తం 889 పేజీలు. 2017 తుఫాను మృతుల మీద వెకిలి మాటలు, ఆడవాళ్ల మీద బూతులు. అందులో ఒక అధికారి రికీ మార్టిన్ గురించి, ఆడవాళ్లు తన స్థాయికి చాలరని మగవాళ్ల దగ్గరికి పోయేంత మగ అహంకారి అంటూ ఎకసెక్కం ఆడాడు. ద్వీపంలో పుట్టి ప్రపంచానికి దాని పేరు చెప్పినవాడి గురించి సొంత ప్రభుత్వం పెద్దలు లోపల్లోపల మాట్లాడుకునేది ఇదన్నమాట.

మార్టిన్ విమానం ఎక్కి శాన్ హువాన్ చేరుకున్నాడు. గవర్నర్ దిగిపోవాలంటూ లక్షల మంది వీధుల్లో ఉన్నారు. అందులో ప్యూర్టో రికో గాయకులు బ్యాడ్ బన్నీ, రెసిదెంతె కూడా ఉన్నారు. లారీ మీద నిలబడి గే హక్కుల గుర్తైన ఇంద్రధనుస్సు జెండా ఊపుతున్న మార్టిన్ ఫోటో ఆ రోజుల్లో అన్ని పేపర్లలోనూ వచ్చింది. జూలై 24 రాత్రి గవర్నర్ రాజీనామా ప్రకటించాడు. పోరాటం మీద పేరు రాసుకునే హక్కు జనానిది, ఒక్క స్టార్‌ది కాదు. కానీ ఆ జెండాను ప్యూర్టో రికో జెండా పక్కన, ఎవరూ వద్దనకుండా, అతను ఊపగలిగాడు. పదేళ్ల ముందు అదే ద్వీపంలో అలా ఊహించడం కష్టం. నా లెక్కలో అతని 2010 ఉత్తరానికి అసలైన రెండో పేజీ ఈ లారీ మీద రాసుకున్నాడు. ఉత్తరం తన మనశ్శాంతి కోసం. ఇది అందరి కోసం.

పాటలో చెప్పని మాట

మరి పాట సంగతి? ఇక్కడే నాకు అతనితో కొంచెం పేచీ ఉంది.

ఉత్తరం తర్వాత పాటల్లో ‘ఆమె’ తగ్గింది. ‘నువ్వు’ పెరిగింది. స్పానిష్‌లో ‘నువ్వు’ అంటే ఆడో మగో తెలియదు, మన తెలుగులో లాగే. ‘నువ్వొస్తావా’ అని పాడితే ఎవరినైనా అనుకోవచ్చు. ‘లో మెహోర్ దె మి వీదా ఎరెస్ తూ’, అంటే నా జీవితంలో మేలైనది నువ్వే, అన్న 2010 చివరి పాట సరిగ్గా అలాంటిది. స్పెయిన్ గాయని నతాలియా హిమెనెస్ తోడుగా పాడింది. అది లాటిన్ చార్టులో 1వ స్థానానికి వెళ్లింది. తన కొడుకుల గురించి పాడాడనుకోవచ్చు, ప్రియుడి గురించి అనుకోవచ్చు, వినే అమ్మాయి తన గురించే అనుకోవచ్చు. తలుపు అందరికీ తీసే ఉంది.

ఇది పిరికితనమా? వెంటనే అవునని అనను. లాటిన్ ప్రేమగీతంలో ఈ పద్ధతికి గొప్ప చరిత్ర ఉంది. మెక్సికో మహా గాయకుడు హువాన్ గాబ్రియెల్ జీవితమంతా మెరుపుల జాకెట్లు తొడుక్కుని, సుతారంగా చేతులు తిప్పుతూ, మీసాలు మెలేసే మగవాళ్లను కూడా ఏడిపించాడు. 2002లో ఒక టీవీ విలేఖరి గే అని అంటున్నారు నిజమేనా అని అడిగితే, కనిపించేదాన్ని అడగరు అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. 2016లో చనిపోయేదాకా అంతకు మించి చెప్పలేదు. జనానికి అంతా తెలుసు, ఎవరూ ఎత్తరు. ఆ సంప్రదాయంలో గాయకుడికి గౌరవం దక్కుతుంది, దానికి వెలగా మౌనం చెల్లించాలి. మార్టిన్ ఆ మౌనాన్ని ఇంటర్వ్యూల్లో బద్దలు కొట్టాడు. పాటల్లో మాత్రం గాబ్రియెల్ వారసుడిగానే మిగిలిపోయాడు.

వీడియోల సంగతి ఇంకాస్త ఇబ్బంది పెడుతుంది. ‘లా మోర్దిదీతా’, ‘వెంతె పాకా’ లాంటి పెద్ద హిట్లలో దృశ్యభాష 1999 నాటిదే: ఎండ, చెమట, డాన్స్, చుట్టూ అందమైన అమ్మాయిలు, మధ్యలో అతను. వీటిని చూసి అతను మళ్లీ దాక్కున్నాడని నిందించేవాళ్లతో నేను ఏకీభవించను. అతని సంగతి తెలియని ప్రేక్షకుడంటూ ఇప్పుడు లేడు. అందరికీ తెలిసినప్పుడు అది మోసం కాదు, ఒక ఆట. అభిమానులు కూడా ఆ ఆటలో ఇష్టపూర్వకంగా పాల్గొంటారు. పోస్టరు మీది మనిషి తమ ఇంటికి వస్తాడని 1999లో మాత్రం ఏ అమ్మాయి నమ్మింది? ఉత్తరం వచ్చాక కూడా ఆడవాళ్లు అతని కచేరీలకు రావడం మానలేదంటే కారణం ఇదే. వాళ్లు వచ్చేది ఆ ఊపు కోసం, ఆ రెండు గంటల సరదా కోసం.

నా పేచీ మోసం గురించి కాదు, లోటు గురించి. అంత పెద్ద గొంతు, అంత పెద్ద శ్రోతలు, ఏ కంపెనీ కాదనలేని స్థాయి. అయినా అతని పెద్ద హిట్లలో ఒక మగవాడు ఇంకో మగవాణ్ణి ప్రేమించడం స్పష్టంగా వినిపించే పాట నాకు కనిపించదు. ‘మరియా’ అని ఒక ఆడపేరుని ప్రపంచమంతా కేకలేసి పాడేలా చేసినవాడు, అలా ఒక మగపేరుని పాడించలేదు. ఆ పని చిన్నవాళ్లు ముక్కలు ముక్కలుగా మొదలుపెట్టారు. 2020లో స్పెయిన్ గాయకుడు పాబ్లో అల్బొరాన్ వీడియో పెట్టి తాను గే అని చెప్పాడు. అదే ఏడాది బ్యాడ్ బన్నీ ‘యో పెర్రెయో సోలా’ వీడియోలో ఆడవేషం కట్టి ఆడాడు. అంతకు కొద్దిరోజుల ముందే ప్యూర్టో రికోలో జరిగిన ఒక ట్రాన్స్ మహిళ హత్యను నిరసిస్తూ అమెరికా టీవీ షోలో స్కర్టు వేసుకుని పాడాడు. రికీ మార్టిన్ 2010 ఉత్తరం, 2019 లారీ లేకపోతే ఈ కుర్రాళ్లకు దారి ఇంత సాఫీగా ఉండేది కాదని నా నమ్మకం.

ఒకటి ఒప్పుకోవాలి. మార్టిన్‌ని లోకం అంత తొందరగా ఒప్పుకోవడంలో అతని తెల్ల చర్మానికి, కండల శరీరానికి, డబ్బుకి, ‘మగవాడిలాగే’ కనిపించే రూపానికి వాటా ఉంది. సుతారంగా నడిచే పేద కుర్రాడికి, ట్రాన్స్ మనుషులకు అదే ద్వీపంలో అదే గౌరవం దక్కడం లేదు. ఇది అతని తప్పు కాదు. అతని కథను అందరి కథగా చెప్పేటప్పుడు మనం చేసే తప్పు.

2024లో మొదలైన ‘పామ్ రాయల్’ సిరీస్‌లో అతను రాబర్ట్ అనే బార్‌టెండర్ పాత్ర వేశాడు. 1969 నాటి కథ. గొప్పింటి ఆడవాళ్లు ముచ్చటపడే అందగాడు, తన మనసు సంగతి దాచుకుని బతికేవాడు. ఆ రెండు మొహాల మధ్య నలిగే మనిషిని మార్టిన్ ఎంత సూక్ష్మంగా చూపించాడో చూస్తే, ఇదే సరుకుతో ఒక పాట కట్టడం అతనికి కష్టం కాదని తెలిసిపోతుంది. యాభై దాటాడు, గొంతు చెక్కుచెదరలేదు, హాళ్లు ఇంకా నిండుతున్నాయి. ఆ పాట అతనే రాయాలని, రేడియోలో వినిపించాలని, ఊళ్లకు ఊళ్లు కేకలేసి పాడాలని నాకు గట్టిగా ఉంది.